300బి కొనేముందు మీ స్పీకర్ల సంగతి చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. గుంటూరు బ్రాడీపేటలో పన్నెండు బై పద్నాలుగు హాలు, 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకి ఎంత గట్టిగా పలుకుతాయన్న కొలత) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత. మీరు వినేది ఎక్కువగా కర్ణాటక గాత్రం, వీణ, పాత సినిమా పాటలు. ఆదివారాలు పిల్లలు కొత్త సినిమా పాటలు పెడతారు. ఇప్పుడున్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ తీసేసి 300బి అనే పవర్ వాల్వు ఛానల్‌కి ఒక్కటే ఉండే సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫయర్ తెచ్చుకుందామనుకుంటున్నారు. ఛానల్‌కి 8 వాట్లు సరిపోతాయా, అంత డబ్బు పెట్టడం సబబేనా అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. ఆ స్పీకర్లతో వద్దు. స్పీకర్లు కూడా మార్చే ఉద్దేశం ఉంటే తప్పకుండా కొనండి. నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక రేడియో రిపేరు షాపులో పని నేర్చుకున్నవాణ్ణి. ముప్పై అయిదేళ్లుగా వాల్వు సెట్లు విప్పుతున్నాను, కడుతున్నాను. మా ఇంట్లో ఒంటి వాల్వు ఆంప్లిఫయర్లు రెండున్నాయి, ఒకటి 300బి, ఇంకొకటి ఈఎల్84 అనే చిన్న వాల్వుది. వాటిమీద నాకు చాలా ప్రేమ. ఆ ప్రేమ వల్లే, సరిపడని స్పీకర్లకి తగిలించి రెండు నెలల్లో అమ్మేసుకునేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది.

మీ తాతగారింట్లో వాల్వు రేడియో ఉండే ఉంటుంది. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్ఎంవీ, ఏదైనా సరే, వెనక అట్ట విప్పితే ఔట్‌పుట్ దగ్గర సాధారణంగా ఒక్కటే పవర్ వాల్వు ఉండేది. చాలా సెట్లలో అది ఈఎల్84, లేదంటే యూఎల్84. అంటే అదీ సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫయరే. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పట్నుంచి ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చేదాకా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పొద్దున్నే భక్తిరంజని పెట్టుకున్న ఇళ్లు దాదాపు అన్నీ ఒంటి వాల్వులోనే విన్నాయి. ఆ రేడియో మహా అయితే మూడు, నాలుగు వాట్లు ఇచ్చేది. అయినా వసారాలో పెడితే వీధి అరుగు మీదున్నవాళ్లకి వినపడేది. అందులో వాల్వు గొప్పతనం కన్నా స్పీకరు గొప్పతనమే ఎక్కువ. తేలికైన కాగితపు కోను, వెనక తెరిచి ఉన్న చెక్కపెట్టె, కొంచెం కరెంటుకే గొంతెత్తే రకం. లోతైన బాస్ దానికి చేతకాదు. మనిషి గొంతు మాత్రం ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు వచ్చేది. మా మేస్త్రిగారు ఎవరి సెట్టు బాగు చేసినా ముందు స్పీకరు కోను మీద వేలితో మెల్లగా తట్టి చూసేవారు, ఆ తర్వాతే వాల్వులు. ఆ వరస నేనిప్పటికీ తప్పలేదు.

ఇక ఒంటి వాల్వు ఎలా పనిచేస్తుందో చెబితేగాని దాని గుణదోషాలు అర్థం కావు. పుష్‌పుల్ ఆంప్లిఫయర్‌లో, కోత మిల్లులు లేని రోజుల్లో దుంగ కోసే పెద్ద రంపానికి చెరో కొసన ఇద్దరు నిలబడ్డట్టు, రెండు వాల్వులు ఉంటాయి. ఒకరు లాగుతుంటే రెండోవారు వదులుతారు. సింగిల్ ఎండెడ్‌లో ఆ పని ఒక్కడే చేయాలి. అల పైకి లేచినా కిందికి దిగినా అదే వాల్వు మోస్తుంది. అందుకోసం పాట లేనప్పుడు కూడా దానిలో నిండుగా కరెంటు పారుతూ ఉండాలి. దాన్నే క్లాస్ ఏ అంటాం. 300బికి 350 నుంచి 400 వోల్టులు, 60 నుంచి 80 మిల్లీ ఆంపియర్లు ఇస్తాం. వాల్వు ఒక్కొక్కటి పాతిక, ముప్పై వాట్లు తిని మనకి ఎనిమిదే ఇస్తుంది. మిగతాదంతా వేడి.

దీనివల్ల వచ్చే లాభం సన్నని శబ్దాల్లో ఉంది. ఇద్దరు పంచుకునే పనిలో చేతులు మారే చోట చిన్న అతుకు పడే వీలుంది. అది తక్కువ వాల్యూమ్‌లోనే ఎక్కువ తెలుస్తుంది. మంచి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లలో ఆ అతుకును చెవికి అందనంత చిన్నది చేసేశారు, అది ఒప్పుకోవాలి. ఒంటి వాల్వులో అసలు అతుకే లేదు. శబ్దం తగ్గినకొద్దీ డిస్టార్షన్, అంటే అసలు శబ్దానికి పట్టే వంకర, కూడా సాఫీగా తగ్గుతూ పోతుంది. రాత్రి పదిన్నరకి, పక్క గదిలో పిల్లలు పడుకున్నాక, అర వాటు కూడా ఖర్చు కాని వాల్యూమ్‌లో వీణ పెట్టి చూడండి. మీటు అయిపోయాక తీగ లోపల సాగే గమకం చివరిదాకా వినిపిస్తుంది. 300బి నాకు నచ్చింది అలాంటి రాత్రుల్లోనే.

డిస్టార్షన్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు దీన్ని దాస్తారు, వెక్కిరించేవాళ్లు దీన్నే పట్టుకుంటారు. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దుకునే ఏర్పాటు) లేని 300బి నిండు 8 వాట్ల దగ్గర 3 నుంచి 5 శాతం డిస్టార్షన్ ఇవ్వడం మామూలే. మీ ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో అది 0.1 శాతం కూడా ఉండదు. అంకె ఒక్కటే చూస్తే వాల్వు ఓడిపోయినట్టే. అయితే కలిసేది ఏ స్వరమో కూడా చూడాలి. మీకు సంగీతం తెలుసు కాబట్టి స్వరాల్లోనే చెబుతాను. షడ్జమం పాడితే దాని రెండో హార్మోనిక్, అంటే రెండింతల వేగంతో కంపించే తోడు స్వరం, పై స్థాయి షడ్జమం. మూడోది ఆ పైనున్న పంచమం. నాలుగోది మళ్లీ షడ్జమం, ఇంకో స్థాయి పైన. అయిదోది అంతర గాంధారం. బాగా శ్రుతి చేసిన తంబురాలో గాంధారం తనంతట తానే పలుకుతుందంటారే, అది ఈ అయిదోదే. ఏడోది మాత్రం కైశికి నిషాదానికి కొంచెం కిందుగా, మన స్వరస్థానాల్లో దేనికీ అతకని చోట పడుతుంది. 300బి లాంటి ఒంటి ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు) కలిపేది ముఖ్యంగా రెండోది, కొద్దిగా మూడోది. ఆ పైవి చాలా తక్కువ. పుష్‌పుల్‌లో రెండు వాల్వులూ ఎదురెదురుగా ఉండటం వల్ల రెండు, నాలుగు లాంటి సరిసంఖ్యలు వాటిలో అవే కొట్టుకుపోతాయి, మూడు, అయిదు, ఏడు మిగులుతాయి. అందుకని మొత్తం డిస్టార్షన్ తక్కువైనా దాని రంగు వేరు.

గొంతు వెనకాల పైస్థాయి షడ్జమం లీలగా తోడు పాడుతుంటే ఆ గొంతు నిండుగా, కాస్త దగ్గరగా వచ్చినట్టు అనిపిస్తుంది. అది రికార్డులో లేనిది, ఆంప్లిఫయర్ కలిపింది. 300బి ‘ఉన్నది ఉన్నట్టు’ వినిపిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉన్నదానికి కొంచెం నెయ్యి వేసి వడ్డిస్తుంది. నాకా నెయ్యి ఇష్టం. మీకు ఇష్టమో కాదో మీ నాలుకే చెప్పాలి.

ఈ నెయ్యి అన్నిటికీ పనికిరాదు. ఒక గొంతు, ఒక వయొలిన్, ఒక మృదంగం ఉన్నంతసేపు బాగుంటుంది. ముప్పై వయొలిన్లూ కోరస్సూ డ్రమ్సూ ఒకేసారి వస్తే కథ మారుతుంది. రెండు వేరువేరు శబ్దాలు వంకరగా ఉన్న దారిలో కలిసి వెళితే వాటి మొత్తం, వాటి తేడా కూడా కొత్త శబ్దాలుగా పుడతాయి. 300 హెర్ట్జ్, 410 హెర్ట్జ్ కలిసి వెళితే 110, 710 తయారవుతాయి. వీటికీ పాటకీ సంబంధం లేదు. అలాంటివి వందలు పోగైతే వినేవాడికి అంతా కలగాపులగంగా, ముద్దగా అనిపిస్తుంది. మీ పిల్లల ఆదివారం పాటలకి ఇది తప్పదు, ముఖ్యంగా వాల్యూమ్ పెంచినప్పుడు.

ఇప్పుడు మీ స్పీకర్ల లెక్క. 86 డెసిబెల్స్ అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం. వాట్లు రెట్టింపైతే 3 డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి 8 వాట్లకి 9 పెరిగి 95. రెండు స్పీకర్లకి ఇంకో 3 వేసుకుందాం, 98. మీరు కూర్చునే చోటు పది అడుగుల దూరం అనుకుంటే గదిలో ఆరో ఏడో తగ్గుతుంది. అంటే మీ చెవి దగ్గర గరిష్ఠంగా 91, 92. అది చాలదా అనిపిస్తుంది. అయితే అది శిఖరం. సంగీతంలో సగటు మట్టం శిఖరానికి 12, 15 డెసిబెల్స్ కిందుంటుంది. ఆలాపన వరకు హాయిగా నడుస్తుంది. తని ఆవర్తనం మొదలై మృదంగం మీద గట్టి దెబ్బ పడిందా, ఆంప్లిఫయర్ గోడకి తగులుతుంది. వాల్వు కాబట్టి చెవి చిల్లుపడేలా పగలదు, మెత్తగా అణిగిపోతుంది. దెబ్బలో దెబ్బతనం పోతుంది. మృదంగం ఇష్టపడేవాడికి అది భరించరానిది. అదే ఆంప్లిఫయర్‌కి 95 డెసిబెల్స్ స్పీకరు పెడితే, మీ ఇప్పటి స్పీకర్లకి 64 వాట్లు ఇచ్చినంత. ఆంప్లిఫయర్ మార్చలేదు, రూపాయి కరెంటు పెంచలేదు. అందుకే స్పీకరు ముందు అంటున్నాను.

సెన్సిటివిటీ ఒక్కటే చూసి కొనడమూ పొరపాటే. ఫీడ్‌బ్యాక్ లేని 300బి ఔట్‌పుట్ ఇంపిడెన్సు, అంటే పాట కరెంటుకి లోపలుండే అడ్డు, రెండు, రెండున్నర ఓమ్‌లు ఉంటుంది. ట్రాన్సిస్టర్‌లో అది దాదాపు సున్నా. పెట్టె మీద 8 ఓమ్‌లు అని రాసిన స్పీకరు నిజానికి ఒకచోట 4, ఇంకోచోట 30 చూపిస్తుంది. రెండున్నర ఓమ్‌ల వెనక నుంచి నడిపిస్తే 4 ఉన్నచోట శబ్దం తగ్గి, 30 ఉన్నచోట పెరుగుతుంది. లెక్క వేస్తే తేడా మూడున్నర డెసిబెల్స్. ఎవరో మీ టోన్ కంట్రోల్ తిప్పేసి వెళ్లినట్టే. పైగా ఆ 30 వచ్చేది తరచూ కోను తనంతట తాను ఊగే బాస్ దగ్గర. ఊగే కోనుని పట్టి ఆపే పట్టు ఈ ఆంప్లిఫయర్‌కి లేదు. అందుకని బాస్ ఎక్కువగా, కానీ వదులుగా వస్తుంది. ఒకే ఆంప్లిఫయర్ ఒకరింట్లో అమృతంలా, ఇంకొకరింట్లో బురదలా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. స్పీకరు కొనేటప్పుడు ఇంపిడెన్సు గ్రాఫ్ అడగండి. ఆ గీత ఎంత చదునుగా ఉంటే ఒంటి వాల్వుకి అంత మంచిది.

డబ్బంతా పోయేది వాల్వులకే అనుకుంటారు. అసలు ఖర్చు వాల్వుకీ స్పీకరుకీ మధ్యనుండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ది. పుష్‌పుల్‌లో రెండు వాల్వుల డీసీ కరెంటు ఎదురెదురుగా పారి ఇనుములో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. ఒంటి వాల్వులో ఆ 70 మిల్లీ ఆంపియర్లూ ఒకే వైపు పారుతుంది. ఇనుము ఎటో ఒకవైపు అయస్కాంతమై నిండిపోకుండా కోర్ మధ్యలో సన్నని ఖాళీ వదలాలి. ఖాళీ వదిలితే ఇండక్టెన్సు పడిపోతుంది, బాస్ పోతుంది. అది మళ్లీ తెచ్చుకోవాలంటే ఇనుమూ రాగీ పెంచాలి. అందుకే మంచి 300బి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కొక్కటి కిలోల బరువుంటుంది. ఆంప్లిఫయర్ ఎత్తి చూడండి, స్టీరియో 300బి పది కిలోలు కూడా లేకపోతే నేనైతే అక్కడే వదిలేస్తాను.

ఇక్కడ మన సంగీతం మనకి కలిసొస్తుంది. మధ్య షడ్జమం 165 హెర్ట్జ్ దగ్గర శ్రుతి చేసిన వీణలో అనుమంద్ర పంచమం తీగ దాదాపు 62 హెర్ట్జ్. ఒకటో శ్రుతిలో పాడే మగగొంతు మంద్ర పంచమానికి దిగితే 98. అంటే 50 హెర్ట్జ్ దాకా శుభ్రంగా వెళ్లే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే కచేరీ అంతా పట్టేసినట్టే. కొత్త సినిమా పాటల్లో 40 హెర్ట్జ్ దగ్గర ఆగకుండా మోగే బాస్‌కి ఆ మాట చెప్పలేను.

హమ్ గురించి రెండు ముక్కలు. పుష్‌పుల్‌లో పవర్ సప్లై నుంచి వచ్చే గుయ్‌మనే శబ్దం చాలావరకు రద్దవుతుంది, ఒంటి వాల్వులో నేరుగా స్పీకర్‌కి వచ్చేస్తుంది. సెన్సిటివ్ స్పీకరు దాన్ని ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. కొనేముందు మీరు తీసుకోబోయే స్పీకర్‌కే తగిలించి, పాట లేకుండా, మీ సీటు దగ్గర కూర్చుని వినండి. అక్కడ వినపడకపోతే చాలు.

మన ఊళ్ల కరెంటు గురించి మాత్రం ఎక్కువే చెప్పాలి. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో రాత్రి పది దాటితే మీటరు 245 వోల్టులు చూపిస్తుంది. నా మొదటి 300బి ఒక అమ్మకందారు ద్వారా బయటి దేశం నుంచి తెప్పించుకున్నాను. వెనక 220 వోల్టులని రాసి ఉంది, మన 230కి ఏమీ కాదని చెప్పి అంటగట్టారు. వాల్వుని లోపల వేడిచేసే, 5 వోల్టులు ఉండాల్సిన ఫిలమెంటు మీద నేను కొలిచినప్పుడు అయిదున్నర దాటి ఉంది. ఏడాది తిరిగేసరికి ఒక వాల్వు నీరసించింది. మామూలుగా పవర్ వాల్వులు 2,000 నుంచి 5,000 గంటలు బతకాలి, రోజుకి రెండు గంటలు వింటే మూడు నుంచి ఏడేళ్లు. తర్వాత నేనే 24 వోల్టుల, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని మెయిన్స్‌కి ఎదురు వరసలో సిరీస్‌గా కలిపి 245ని 220 దగ్గరికి దించాను. పగలు వోల్టేజీ తక్కువున్నప్పుడు దాన్ని తప్పించే స్విచ్ కూడా పెట్టాను. ఇది పని తెలిసినవాళ్లతోనే చేయించండి. మీరు కొనేదాని పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 240 వోల్టులకి కలిపే ట్యాప్ ఉందో లేదో ముందే అడిగితే ఈ తిప్పలన్నీ ఉండవు. చవక ఇన్వర్టర్ల చదరపు అల మీద దీన్ని నడపొద్దు, ట్రాన్స్‌ఫార్మర్లు మూలుగుతాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో స్టీరియో 300బి పెట్టడమంటే హాల్లో నూట యాభై వాట్ల పొయ్యి వెలిగించుకోవడమే. మే నెలంతా నేను దాన్ని కప్పి ఉంచి, చిన్న ఈఎల్84తో వింటాను. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి వాల్వుల మీద జాలీ తీయకండి. గాజు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. లోపల 400 వోల్టుల డీసీ ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కండెన్సర్లలో నిలిచి ఉండొచ్చు, అది ప్రాణాంతకం. స్పీకరు తగిలించకుండా పాట పెట్టొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపల వోల్టేజీ ఎగిరి ఇన్సులేషన్ కాలిపోతుంది.

మీకు నా సలహా ఇది. ఇప్పటి స్పీకర్లే ఉంచుకోవాలంటే, వాల్వు రుచి కావాలంటే, ఈఎల్34 వాల్వుల పుష్‌పుల్ చూడండి, ముప్పై వాట్లు పైన వస్తాయి, పిల్లల పాటలూ నడుస్తాయి. స్పీకర్లు మార్చగలిగితే 94, 95 డెసిబెల్స్‌కి తగ్గని, పెద్ద కాగితపు కోను ఉన్నవి లేదా హార్న్ రకం వెతకండి. ఫోస్టెక్స్ వారి 8 అంగుళాల ఫుల్‌రేంజ్ లాంటివి 96 దాకా వెళతాయి, మంచి వడ్రంగి దొరికితే పెట్టె ఇక్కడే చేయించుకోవచ్చు. అప్పుడైనా ముందు 300బి దాకా వెళ్లక్కర్లేదు. ఈఎల్84 సింగిల్ ఎండెడ్ ఒకటి కట్టించుకోండి, పెంటోడ్‌గా (అయిదు ఎలక్ట్రోడ్లతో) అయిదు వాట్లు, ట్రయోడ్‌గా కలిపితే రెండు లోపు. ఒకప్పుడు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన వాల్వులు పాత షాపుల్లో అప్పుడప్పుడు ఇంకా దొరుకుతాయి. ఆ ధ్వని మీకు పడిందంటే 300బికి డబ్బు దాచుకోవచ్చు. పడకపోతే పోయేది తక్కువ. పాత ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ అమ్మకండి, ఆదివారాలకి అది ఉండాలి.

ఏదీ కొనకముందు ఈ వారం ఒక పని చేయండి. మామూలు మల్టీమీటరు చాలు. ఇప్పుడున్న ఆంప్లిఫయర్ మీద మీకిష్టమైన కచేరీ పెట్టి, తని ఆవర్తనంలో మీరు జీవితంలో ఇంతకన్నా పెంచను అనుకునే చోట వాల్యూమ్ ఆపండి. నాబ్ ముట్టుకోకుండా, పాట ఆపి, ఒక స్పీకరు టెర్మినల్స్‌కి మీటరు ఏసీ వోల్టుల్లో తగిలించండి. తర్వాత మైనస్ 12 డెసిబెల్స్ మట్టంలో, అంటే రికార్డు పట్టే నిండు మట్టానికి 12 కింద, రికార్డు చేసిన 220 హెర్ట్జ్ టోన్ ఒక పది సెకన్లు మోగించి అంకె చూడండి. దాన్ని నాలుగు రెట్లు చేస్తే మీ పాటలో శిఖరానికి కావాల్సిన వోల్టులు వస్తాయి. మీటరు 2 చూపిస్తే శిఖరం 8 వోల్టులు, 8 ఓమ్‌ల మీద సరిగ్గా 8 వాట్లు. ఒకటే చూపిస్తే రెండు వాట్లు, నా లెక్కంతా తప్పై మీ స్పీకర్లతోనే 300బి హాయిగా నడుస్తుంది. 3 దాటిందంటే 18 వాట్లకి పైనే కావాలి. ఆ అంకె ఎంత వచ్చిందో, ఏ కచేరీ పెట్టారో రాయండి, స్పీకర్ల మోడల్ పేరు కూడా.